చిత్రమెట్లున్నది?

సోమవారమునాడు పాఠశాల గంట మ్రోగుటకు ముందు చెట్టునీడను నలుగురు విద్యార్థులు కూడినచో, వారి సంభాషణలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. “నిన్న చూచిన చిత్రమెట్లున్నది?” అని యొకడడుగును. “చాల బాగున్నది” అని యొకడనును. “ఏమియు బాగులేదు” అని మరియొకడనును. “పాటలు మాత్రము బాగున్నవి” అని వేరొకడనును. అంతలో గంట మ్రోగును. అందరును తరగతిలోనికి పోవుదురు.

ఇవి వట్టి కబుర్లని పెద్దలు కొందరు తలంతురు. నేనట్లు తలపను. ఆ ప్రశ్న నడిగినవాడు మన మాటను నమ్మి తన ధనమును, మూడుగంటల కాలమును వెచ్చింపబోవుచున్నాడు. ఒక్కొక్కప్పుడు తల్లిదండ్రులను, చెల్లెండ్రను కూడ వెంటబెట్టుకొని పోవుచున్నాడు. అంతియ కాదు. ఒక చిత్రమును వందలకొలది జనులు నెలల తరబడి శ్రమించి నిర్మింతురు. ఆ శ్రమ ఫలించుటయు, ఫలింపకుండుటయు చాలవరకు చూచినవారు చూడనివారితో చెప్పు మాటపై ఆధారపడి యుండును. కావున చూచిన చిత్రమునుగూర్చి అభిప్రాయము చెప్పుట యొక బాధ్యత. దానిని నెరవేర్చు విధమెట్టిదో తెలిసికొందము.

తెలుగున మొదటి టాకీ చిత్రమగు ‘భక్త ప్రహ్లాద’ 1932వ సంవత్సరమున వెలువడినది. నాటినుండి నేటివరకు చిత్రములను ప్రకటించు సాధనము లెన్నియో వచ్చినవి. గోడపత్రికలు, కరపత్రములు, ఊరేగు బండిపై మ్రోగు మైకులు, వార్తాపత్రికలు, రేడియో, టెలివిజను, నేడు ప్రతివాని చేతిలోనుండు ఫోను. వీని యన్నిటికంటెను బలమైన సాధన మొకటి మొదటినుండియు నున్నది. అదియే నోటిమాట.

నోటిమాట చేయగల మేలునకు ‘శంకరాభరణము’ చక్కని నిదర్శనము. కె. విశ్వనాథ్ దర్శకత్వము వహించిన యీ చిత్రము 1980వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున విడుదలయైనది. ఇందు జనులను ఆకర్షింపగల ప్రసిద్ధ నాయకుడు లేడు. ప్రధానపాత్రను ధరించిన జె.వి. సోమయాజులు ప్రభుత్వోద్యోగి, నాటకరంగమున పేరుపొందినవారే కాని వెండితెరకు పెద్దగా పరిచితులు కారు. కథయో, ఒక వృద్ధ సంగీత విద్వాంసుని జీవితము. పోరాటములు లేవు. మొదటి దినములలో చాలచోట్ల సగము కుర్చీలు కూడ నిండలేదు. కాని చూచినవారు ఇండ్లకు పోయి ఊరకుండలేదు. ఇరుగుపొరుగులకు చెప్పిరి, కార్యాలయములలో చెప్పిరి, ఉత్తరములలో వ్రాసిరి. కొద్ది దినములలో ఆ చిత్రశాలల ముందే టిక్కెట్లు దొరకక జనులు మరలిపోవలసి వచ్చెను. తెలుగు మాతృభాష కాని ప్రాంతములందును ఆ పాటలు మారుమ్రోగెను. కె.వి. మహదేవన్ సంగీతమునకును, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గానమునకును జాతీయ పురస్కారములు లభించినవి. తొలి దినములలో ఆ చిత్రమును చూచిన కొద్దిమంది నోరు మెదపకున్నచో ఏమి యయ్యెడిదో ఊహింపుడు.

అదే నోటిమాట కీడును కూడ చేయగలదు. గురుదత్ అను దర్శకుడు 1959వ సంవత్సరమున ‘కాగజ్ కే ఫూల్’ అను హిందీ చిత్రమును నిర్మించెను. కాగితపు పూలు అని ఆ పేరున కర్థము. భారతదేశమున సినిమాస్కోపు పద్ధతిలో తీయబడిన మొదటి చిత్ర మదియే. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి అద్దముల సాయమున సూర్యకిరణములను స్టూడియోలోనికి మరలించి, చీకటిలో ఒక వెలుగుస్తంభమును నిలిపిన దృశ్యము నేటికిని ఛాయాగ్రహణ విద్యార్థులకు పాఠముగా నున్నది. కాని ఆనాటి ప్రేక్షకులు చిత్రమును తిరస్కరించిరి. గురుదత్ ఆ పిమ్మట మరి యే చిత్రమునకును దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు. 1964లో మరణించెను. తరువాతి తరములవారు అదే చిత్రమును గొప్ప చిత్రములలో నొకటిగా ఎన్నుచున్నారు. ఆ గౌరవము ఆయన కండ్లబడలేదు.

అట్లని నచ్చని చిత్రమును నచ్చినదని చెప్పవలెనా? అక్కరలేదు. నచ్చలేదని చెప్పుట తప్పు కాదు. చెప్పు విధముననే మంచిచెడ్డలున్నవి. ఇందు నాలుగు నియమములను నేను గుర్తించితిని.

మొదటి నియమము: చూచినది చూచినట్లుగను, విన్నది విన్నట్లుగను చెప్పవలెను.

మన తెలుగుభాషలో ‘అట’ అను నొక చిన్న అవ్యయము కలదు. “రాముడు వచ్చెను” అనినచో నేను చూచితినని భావము. “రాముడు వచ్చెనట” అనినచో ఎవరో చెప్పగా వింటినని భావము. సాక్షికిని, వార్తాహరునికిని గల భేదమునంతటిని ఈ రెండక్షరములు చెప్పగలవు. “చిత్రము బాగులేదట” అని మొదటివాడనును. ఆ మాట విన్న రెండవవాడు మూడవవానితో “బాగులేదు” అనును. నడుమ ‘అట’ జారిపోయినది. దానితో, చూడనివాడు చూచినవాడైనాడు, వార్త తీర్పయినది. ఇంత చిన్న మాట జారుటచే ఏమి నష్టము కలుగునని మీరడుగవచ్చును. నా జీవితమున జరిగిన సంగతి నొకదానిని చెప్పెదను.

నేను తెలుగు పండిత శిక్షణ పొందుచున్న కాలమున నాకొక సహాధ్యాయి యుండెను. వాని తండ్రి పల్లెటూరి దేవాలయమున నాదస్వర విద్వాంసుడు. ఆయన పట్టణమునకు వచ్చుట బహు అరుదు. ఒకసారి వైద్యునికి చూపించుకొనుటకై వచ్చి, రెండు దినములు కుమారుని గదిలో నుండెను. ఆ వారమున పట్టణమందలి చిత్రశాలలో ఒక చిన్న చిత్రమాడుచుండెను. నా మిత్రుడు నావద్దకు వచ్చి, “ఏమోయ్, ఆ చిత్రమెట్లున్నది? మా నాన్నగారిని తీసికొని పోదమనుకొనుచున్నాను” అని యడిగెను.

నేను దానిని చూడలేదు. కాని ఆ ఉదయమే టీ కొట్టువద్ద నిద్దరు దానినిగూర్చి పెదవి విరుచుచుండగా వింటిని. తెలియదని చెప్పుటకు చిన్నతనమనిపించెను. “బాగులేదోయ్. డబ్బు దండుగ” అంటిని. వాడు సరే యని వెడలిపోయెను. మరునాడు తండ్రిని బస్సెక్కించెను. శుక్రవారము నాటికి ఆ చిత్రమును తీసివేసిరి.

పదునైదేండ్లు గడచినవి. నేనొక పాఠశాలలో తెలుగు పండితుడుగా నుంటిని. ఒక ఆదివారము టెలివిజనులో అదే చిత్రము ప్రసారమైనది. పని లేక కూర్చుండి చూచితిని. దాని నడుమ ఒక వృద్ధుడు గుడి మంటపమున మనుమని కూర్చుండబెట్టుకొని నాదస్వరము నేర్పు ఘట్టము కలదు. మాటలు లేవు, వాద్యము, ఆ ఇద్దరి ముఖములు మాత్రమే. అంతటి నిండైన ఘట్టమును నేను కొలదిగనే చూచియుంటిని. మిగిలిన చిత్రము సామాన్యముగనే యున్నది. టీ కొట్టువద్ద మాటలాడినవారు పూర్తిగా అబద్ధమాడలేదు. కాని నా మిత్రుని తండ్రికి ఆ ఘట్టమొక్కటి చాలియుండెడిది. ఆయన అప్పటికి పరమపదించి మూడేండ్లయినది.

ఆ తరువాత ఒక వివాహమున ఆ మిత్రుడు కనిపింపగా, జరిగినదంతయు చెప్పితిని. వాడు కొంతసేపు మౌనముగా నుండి, “నీవు చూడలేదని నాకు తెలియదు. చూచితివనుకొంటిని” అనెను. అంతకుమించి ఒక్క మాటయు ననలేదు. నన్ను నిందించియున్నచో నాకు తేలికగా నుండెడిది. నాటినుండి నేను చూడని చిత్రమునుగూర్చి, చదువని పుస్తకమునుగూర్చి ఎవరడిగినను “నాకు తెలియదు” అని చెప్పుట నేర్చుకొంటిని.

రెండవ నియమము: అభిప్రాయమునకు కారణము చెప్పవలెను.

“బాగున్నది” అను మాట ఒక్కటియే వినువానికి దారి చూపదు. ఏది బాగున్నది? కథయా, నటనయా, సంభాషణలా, సంగీతమా, ఛాయాగ్రహణమా, కూర్పా? ఒక చిత్రమున నివి యన్నియు వేర్వేరు వ్యక్తుల పనులు. కథ బలహీనమైనను నటన గొప్పదిగా నుండవచ్చును. పాటలు మధురములైనను అవి అతుకని చోట వచ్చి కథ నడక నాపవచ్చును. అన్నిటిని కలిపి నూటికిన్ని మార్కులనియు, ఐదింటికిన్ని నక్షత్రములనియు వేయుట నేడు పరిపాటియైనది. మూడు నక్షత్రములు వేసినవాడు ఏ రెంటిని ఏల తగ్గించెనో చెప్పనిచో ఆ లెక్క వలన మనకు కలుగు జ్ఞానము స్వల్పము.

“మేము చిన్నవారము. కళలనుగూర్చి మాకేమి తెలియును?” అని మీరు సంకోచింపవలదు. భరతముని నాట్యశాస్త్రమున ప్రయోగసిద్ధిని నిర్ణయించు ప్రాశ్నికులను గూర్చి చెప్పబడియున్నది. ప్రాశ్నికులనగా నాటకమును పరీక్షించువారు. ఆ పనికి అన్నియు తెలిసిన పండితు నొక్కనినే నియమింపలేదు. యజ్ఞవిధి నెరిగినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, గాయకుడు మున్నగువారు పేర్కొనబడిరి. రంగముపై యజ్ఞము జరిగినచో యజ్ఞవేత్తయు, విల్లు నెక్కుపెట్టినచో విలుకాడును, పాట పాడినచో గాయకుడును విచారింపవలెను. ఎవరికి తెలిసిన విషయమున వారు ప్రమాణము.

ఈ సూత్రము మీకును వర్తించును. తెరపై నటుడు నాగలి పట్టిన తీరు సరిగా నున్నదో లేదో రైతుబిడ్డకు తెలిసినట్లు పట్టణపు విమర్శకునికి తెలియదు. మగ్గముముందు కూర్చున్న నటి నాడె విసరు తీరును నేతగాని కూతురు ఒక్క చూపున పసిగట్టును. సముద్రమున వల విసరు దృశ్యమును మత్స్యకారుని కుమారుడు చక్కగా విచారింపగలడు. మీకు తెలిసినదానిని ఆధారముగా గొని చెప్పుడు. ఆ మాట చిన్నదైనను దానికి విలువ యుండును.

మూడవ నియమము: ఎవరికి తగునో గ్రహించి చెప్పవలెను.

శూరులు వీరరౌద్రములందును, వృద్ధులు ధర్మకథలందును పురాణములందును సంతోషింతురని నాట్యశాస్త్రమే చెప్పుచున్నది. నాకు నచ్చినది నీకు నచ్చి తీరవలెనను నియమము లేదు. కావున “చిత్రమెట్లున్నది?” అని యొకడడిగినపుడు, వానికెట్టి కథలయందు ప్రీతి కలదో, వాడెవరితో పోవుచున్నాడో ముందుగా విచారించుట మంచిది. పరుగులు, పోరాటములు కోరువానికి నెమ్మదిగా సాగు కథను గొప్పదని పంపినచో వాడు నిద్రించును. నేరము వానిది కాదు. చిత్రముది అంతకంటెను కాదు.

వయస్సును కూడ గమనింపవలెను. మనదేశమున చిత్రములకు కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి ధ్రువపత్రము నిచ్చును. ‘యు’ అనినచో అందరును చూడవచ్చును. ‘ఎ’ అనినచో పదునెనిమిదేండ్లు నిండినవారికి మాత్రమే. నడుమనున్న ‘యు/ఎ’ తరగతిని 2023వ సంవత్సరపు చట్టసవరణ ననుసరించి 7, 13, 16 ఏండ్లు అని మూడుగా విభజించిరి. ఆ వయస్సునకు లోబడిన పిల్లలు చూడవచ్చునో లేదో తల్లిదండ్రులు నిర్ణయింపవలెను. ఎనిమిదవ తరగతి చదువు మీకు తగినది యెల్ల మీ యింటిలోని యారేండ్ల తమ్మునికి తగదు. రాత్రి వాడు ఉలికిపడి లేచినచో, ఆ చిత్రమును చూపించుమని చెప్పినవారిదే బాధ్యత.

నాలుగవ నియమము: వినువాని యానందమును దొంగిలింపరాదు.

చిత్రమును మెచ్చుకొను ఉత్సాహమున కథనంతయు చెప్పివేయువారు కలరు. హంతకుడెవరో, తప్పిపోయిన బిడ్డ యెవరో తెలిసిన పిదప చూచువానికి మిగులున దేమి? లండను నగరమున 1952వ సంవత్సరమున ప్రారంభమైన ‘మౌస్‌ట్రాప్’ అను నాటకము దశాబ్దముల తరబడి ఆడినది. అగాథా క్రిస్టీ దాని రచయిత్రి. నాటకము ముగిసినపిమ్మట నటుడొకడు ముందునకు వచ్చి, రహస్యమును బయట చెప్పవలదని ప్రేక్షకులను కోరుట అందలి ఆచారము. తరములు మారినను ప్రేక్షకులు చాలవరకు ఆ కోరికను మన్నించుచు వచ్చిరి. కథ యెక్కడ మొదలగునో చెప్పవచ్చును. చిక్కు ఎట్టిదో సూచింపవచ్చును. ముడి విప్పు పనిని చిత్రమునకే వదలవలెను.

ఈ నాలుగు నియమములను పాటించుచు ఒక విద్యార్థిని తన స్నేహితురాలితో ‘మాయాబజారు’ చిత్రమును గూర్చి చెప్పినదనుకొందము. ఆమె మాట లిట్లుండవచ్చును:

“నేను మాయాబజారును మా యింటిలో టెలివిజనుపై మొదటినుండి చివరివరకు చూచితిని. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన చిత్రమిది. అభిమన్యునకు శశిరేఖ నిత్తుమని మాట యిచ్చిన పెద్దలు, పాండవులు రాజ్యము కోల్పోయిన పిదప ఆ మాట తప్పుదురు. కథ అక్కడ చిక్కుపడును. వింత యేమనగా పాండవుల కథయైనను పాండవులు తెరపై కనిపింపరు. నాకు మిక్కిలి నచ్చినది సావిత్రి నటన. ఘటోత్కచుడు మాయచే శశిరేఖ రూపము దాల్చిన ఘట్టములలో ఆమె రూపము ఆడపిల్లది. నడకయు, చూపును రాక్షసునివి. మా తాతగారు వెన్నెలలో పడవ సాగు దృశ్యమును చూపి, దానిని తీసినది మార్కస్ బార్ట్లే అని చెప్పిరి. చిత్రము నలుపు తెలుపులలో నున్నది. నిడివి మూడుగంటలకు పైగా నున్నది. మా తమ్ముడు నడుమ నిద్రించి, ఘటోత్కచుడు పెండ్లి వంటకములను ఆరగించునప్పుడు లేచి నవ్వినాడు. హాస్యమునందు ప్రీతి కలదు గనుక నీకు నచ్చునని తలంచెదను. ఒక్కసారి కాక రెండు సాయంకాలములలో చూచినను బాగుండును.”

ఇందు చూచితినని స్పష్టముగా చెప్పినది. తాను గమనించిన దానిని తనదిగను, తాతగారు చెప్పిన దానిని తాతగారిదిగను వేరుచేసినది. మెచ్చుకొన్న విషయమునకు కారణము చూపినది. నిడివిని దాచలేదు. స్నేహితురాలి యభిరుచిని తలచుకొన్నది. ముగింపు చెప్పలేదు. ఇంతకంటె పెద్ద విమర్శ మిత్రులకు అక్కరలేదు. మన భాషలో కొడవటిగంటి కుటుంబరావు వంటి రచయితలు సినిమాపై వ్యాసములు వ్రాసిరి. ఆసక్తి కలవారు అట్టివానిని చదివి, తమ యభిప్రాయములను ఇంకను పదునుపెట్టుకొనవచ్చును.

ఇక చివర నొక హెచ్చరిక. పూర్వము నోటిమాట ఊరినుండి ఊరికి పోవుటకు దినములు పట్టెడిది. నడుమ ఎవరైన “అట్లు కాదు, నేను చూచితిని” అని సరిదిద్దుటకు వ్యవధి యుండెడిది. నేడు మొదటి ఆట ముగియకమునుపే మాట ఫోనులద్వారా దేశదేశములకు పోవుచున్నది. తమ కిష్టుడైన నటుని చిత్రమును చూడకయే పొగడువారును, ఇతరుని చిత్రమును చూడకయే తెగడువారును బయలుదేరినారు. వారివద్ద ‘అట’ లేనే లేదు. మీరు వారిలో చేరకుడు. భిన్నాభిప్రాయము కలవానిని ఎగతాళి చేయకుడు, “నీకేల నచ్చెను?” అని యడుగుడు. ఒక్కొక్కప్పుడు వాని సమాధానము విన్నపిదప, మనము గమనింపని దొకటి మనకు కనిపించును.

వచ్చు సోమవారము చెట్టునీడను మీ స్నేహితుడు “చిత్రమెట్లున్నది?” అని తప్పక యడుగును. సమాధానము చెప్పుటకు ముందు ఒక్క క్షణమాగి, చూచితినా, వింటినా అని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. చూచియున్నచో కారణముతో చెప్పుడు. వినియే యున్నచో ‘అట’ను చేర్చి చెప్పుడు. ఆ స్నేహితుని వెనుక వాని తండ్రియో, తాతయో నిలిచియుండి మీ మాటకై ఎదురుచూచుచుండవచ్చును.